కులూ లోయలో ట్రౌట్ వేట, రాఫ్టింగ్, బోటింగ్: ఏది ఎక్కడ, ఏ పూట?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మే చివరి వారంలో విజయవాడ నుంచి కులూ మనాలీ వెళ్తున్నారు. మీరూ మీ ఆవిడా, పదహారేళ్ల బాబు, పదేళ్ల పాప, బీపీ మాత్రలు వేసుకునే అరవై ఎనిమిదేళ్ల నాన్నగారు, అమ్మగారు. బాబుకి రాఫ్టింగ్ కావాలి, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో వడి నీటి మీద వెళ్లడం. చిన్నప్పటి నుంచీ కాలవ గట్టున గాలం వేసిన నాన్నగారికి చల్లటి కొండ ఏళ్లలో ఉండే ట్రౌట్ చేప పట్టాలని కోరిక. అమ్మగారికీ పాపకీ బోటు షికారు ఉంటే చాలు. మూడూ ఒకే ట్రిప్‌లో కుదురుతాయా, ఎక్కడెక్కడ, ఎంతవరకు సేఫ్ అన్నారు.

కుదురుతాయి. కాకపోతే మూడూ మనాలీలోనే దొరకవు, ఏ వేళప్పుడు పడితే ఆ వేళప్పుడు కుదరవు కూడా. వేసవిలో మన తెలుగు కుటుంబాలని ఆ లోయకి తీసుకెళ్లడం నా పని. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ‘ఎంతవుతుంది, ఎంత దూరం’ అనే అడుగుతారు. అక్కడ ముందు అడగాల్సింది ‘ఎన్నింటికి’ అని. హోటలు, కారు, రేటు ఎలాగోలా సర్దుబాటవుతాయి. నీరు మాత్రం దాని వేళకి అది వస్తుంది.

మనం చూస్తూ పెరిగిన నదులు వాననీటివి. మే నెలలో కృష్ణలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. జూలై, ఆగస్టుల్లో ఎగువన వానలు పడితే వరద వస్తుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులో టీవీలో చెప్తూనే ఉంటారు. అందుకే ఆకాశంలో మబ్బు కనపడకపోతే ఏటి గురించి మనకి బెంగ ఉండదు. కులూ లోయలో పారే బియాస్ నది అలాంటిది కాదు. రోహ్‌తంగ్ దగ్గర పుట్టి మనాలీ, కులూ, భుంతర్, మండీల మీదుగా దిగే ఆ నది మే, జూన్‌లలో ప్రధానంగా కరిగిన మంచుతో నడుస్తుంది. ఎండ ఎంత బాగా కాస్తే నీరు అంత పెరుగుతుంది. కొండల మీద మంచు మధ్యాహ్నం కరుగుతుంది, ఆ నీరు దిగివచ్చేసరికి గంటలు పడుతుంది. కాబట్టి తెల్లవారుజామున ఏరు తగ్గి ఉంటుంది, సాయంత్రానికి పొంగుతుంది. మనాలీ నుంచి దిగువకి వెళ్లేకొద్దీ ఆ పొంగు మరింత ఆలస్యంగా, చీకటి పడ్డాక చేరుతుంది. పొద్దున కూర్చుని కాఫీ తాగిన బండ సాయంత్రానికి నీళ్లలో ఉండటం అక్కడ మామూలే.

దీనికి తోడు డ్యాములు. ఈ సంగతి మన తెలుగువాళ్లకి నేను చెప్పకుండా వదిలిపెట్టను. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూరుకి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలీ వెళ్లే దారిలో థలౌట్ దగ్గర బస్సు ఆపి, ఫొటోల కోసం బియాస్ ఒడ్డున రాళ్ల మీదికి దిగారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం డ్యాము నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. దిగువన పండోహ్ జలాశయం దాకా వారాల తరబడి వెతికారు. ఆ పిల్లలు ఈతకి దిగలేదు, రాఫ్ట్ ఎక్కలేదు. రాళ్ల మీద నిలబడ్డారు, అంతే.

ఆ నది మీద ఉన్న విద్యుత్ కేంద్రాల జలాశయాలు చాలావరకు చిన్నవి. మన నాగార్జునసాగర్‌లా నెలల తరబడి నీళ్లు ఆపుకునే చోటు వాటికి ఉండదు. కరెంటు వాడకం తగ్గి టర్బైన్లు ఆపాల్సి వస్తే, వచ్చే నీటిని గేట్ల గుండా కిందికి వదలడం తప్ప దారి లేదు. అది పగలైనా కావచ్చు, సాయంత్రమైనా కావచ్చు. ఆ ఘోరం తర్వాత సైరన్లు, హెచ్చరిక బోర్డులు, అక్కడక్కడ కంచెలు వచ్చాయి. అయినా ఏటి హోరు పక్కన నిలబడితే పక్కవాడి మాటే వినపడదు, సైరన్‌ని నమ్ముకుని ఒడ్డుకి దిగొద్దు. లార్జీ నుంచి పండోహ్ దాకా నదిని రోడ్డు మీద నుంచే చూడండి. డ్రైవరు ‘అందరూ దిగుతారు సార్, ఏం కాదు’ అన్నా దిగకండి. ఇప్పుడు ఆ దారి కొంతమేర సొరంగాల్లోంచి పోతోంది కాబట్టి ఆగాలన్న ఆశ కూడా తగ్గింది, మంచిదే.

ఇక మీ ప్రయాణం. చండీగఢ్‌లో దిగి కారులో వెళ్తున్నామన్నారు. మనాలీ దాకా సుమారు 300 కిలోమీటర్లు. మామూలుగా అందరూ ఒక్క ఊపున మనాలీ చేరి, అక్కడి నుంచి ఒక్కోదానికి వెనక్కి దిగుతుంటారు. మీరు అలా చేయొద్దు. దారిలో ముందు వచ్చేది బోటింగ్, తర్వాత చేపలు, ఆ తర్వాత రాఫ్టింగ్. మనాలీ ఆఖరున పెట్టుకోండి. నాన్నగారికి ఎత్తు కూడా మెల్లిమెల్లిగా అలవాటవుతుంది.

బోటింగ్ గురించి ఎక్కువ ఊరించను. మనాలీలో చెప్పుకోదగ్గ బోటింగ్ లేదు. ఊళ్లో వన విహార్ అనే పార్కులో చిన్న కుంట ఉంది, పిల్లలు కాసేపు తొక్కే బోటు అది. బియాస్ మీద మామూలు పడవ నడవదు, అంత వడిలో నడవకూడదు కూడా. అసలైన నీటి విస్తీర్ణం కావాలంటే దారిలోనే బిలాస్‌పూర్ దగ్గర గోవింద్ సాగర్ ఉంది, సట్లెజ్ మీద భాక్రా డ్యాము వల్ల ఏర్పడిన జలాశయం. ఒక్కటి గుర్తుంచుకోండి: మే, జూన్‌లలో అక్కడ నీరు బాగా తగ్గి ఉంటుంది, వానల తర్వాతే నిండుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే నీలంరంగు నిండు చెరువు ఫొటోలు వానాకాలం తర్వాత తీసినవి. మీరు వెళ్లేసరికి ఒడ్డు దూరంగా జరిగి బురద నేల కనిపిస్తుంది. దానికి బదులుగా వేరే దృశ్యం దొరుకుతుంది. భాక్రా కట్టినప్పుడు పాత బిలాస్‌పూర్ ఊరు మునిగిపోయింది. నీరు తగ్గాక ఆ పాత గుళ్ల శిఖరాలు బయటపడతాయి. శ్రీశైలం జలాశయం తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందే, అలాగన్నమాట. అమ్మగారికి ఇది బోటు కన్నా నచ్చుతుందని నా నమ్మకం.

అక్కడ బోటు ఎక్కితే పొద్దున పూటే ఎక్కండి. మధ్యాహ్నం దాటాక కొండల మధ్య గాలి లేస్తుంది, వెడల్పయిన నీటి మీద అలలు వస్తాయి. లైఫ్ జాకెట్ లేని బోటు ఎక్కవద్దు. పాపకి పెద్దవాళ్ల జాకెట్ తగిలించి ‘సరిపోతుందిలెండి’ అంటే ఒప్పుకోకండి, నీళ్లలో పడితే జాకెట్ పైకి లేచిపోయి పాప కిందికి జారిపోతుంది. పిల్లల సైజు లేకపోతే పాపని ఎక్కించకండి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి పదుల మంది పోయాక కూడా, లైఫ్ జాకెట్‌ని ఒంటికి వేసుకోకుండా ఒళ్లో పెట్టుకునేవాళ్లు మనలో ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. బోటు కదలకముందే బకిల్స్ పెట్టుకోవాలి, దిగాకే తీయాలి.

రెండో మజిలీ తీర్థన్ లోయ. నా దృష్టిలో మీ ట్రిప్ మొత్తానికి ఇదే మంచి భాగం, కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. మండీ నుంచి వెళ్తూ ఔట్ సొరంగంలోకి వెళ్లకుండా ముందే లార్జీ వైపు తిరిగితే బంజార్ వస్తుంది, అక్కడి నుంచి నాగిని, గుశైనీ. లార్జీ దగ్గర తీర్థన్, సైంజ్ అనే రెండు ఏళ్లూ బియాస్‌లో కలుస్తాయి. తీర్థన్ మీద జలవిద్యుత్ కేంద్రాలు కడతామంటే ఆ లోయ జనం ఏళ్ల తరబడి పోరాడి అడ్డుకున్నారు. అందుకే గేట్లు ఎత్తి నీళ్లు వదిలే భయం ఆ ఏటికి లేదు, చేపలూ మిగిలాయి. దాని ఎగువ ప్రాంతం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్. 2014లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పార్కు హద్దు లోపల గాలం వేయకూడదు, కింద ఊళ్ల పక్కన పారే ఏట్లోనే.

ట్రౌట్ అక్కడ పుట్టిన చేప కాదు. ఇంగ్లీషువాళ్లు ముందు కశ్మీరుకి తెచ్చారు, తర్వాత హొవెల్ అనే అధికారి 1909లో కులూ లోయలో కట్రాయిన్ దగ్గర మహిలీలో గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టాడు. ఆ చేప పిల్లలే ఇక్కడి ఏళ్లలో స్థిరపడ్డాయి. ఇప్పుడు ఏట్లో ఎక్కువగా దొరికేది బ్రౌన్ ట్రౌట్: గోధుమరంగు ఒళ్లు, పక్కల మీద ఎర్రటి చుక్కలు, చుక్క చుట్టూ లేత రంగు వలయం. చెరువుల్లో పెంచేది రెయిన్‌బో ట్రౌట్: పక్క పొడవునా గులాబీ రంగు చార ఉంటుంది. చల్లటి నీళ్లు, బాగా గాలి కలిసిన పారే నీళ్లు లేకపోతే ట్రౌట్ బతకదు. అందుకే మన చెరువుల్లో దీన్ని పెంచడం కుదరదు.

గాలం వేయడానికి మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. ఖర్చు చాలా తక్కువ. మీరు దిగే హోమ్‌స్టే వాళ్లకి ముందురోజే చెప్తే ఎక్కడ తీసుకోవాలో చూపిస్తారు. ఎంత సైజు చేప ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని అనేది నిబంధనల్లో ఉంటుంది, చదవండి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, అప్పుడు వేట పూర్తిగా బంద్. మీరు వెళ్లే మే ఆఖరు మంచి కాలమే. ఇంకా ఆలస్యమైతే వానలు మొదలై ఏరు బురదగా మారుతుంది.

ఇప్పుడు నాన్నగారికి ఒక మాట. కాలవ మీద వేట వేరు, ఇది వేరు. అక్కడ ఎర వేసి, బెండు మునిగేదాకా ఒకే చోట ఓపిగ్గా కూర్చుంటాం, చేప మన దగ్గరికి వస్తుంది. ఇక్కడ చేప ఉన్న చోటికి మనం వెళ్లాలి. ట్రౌట్ ఎప్పుడూ నీటి వడికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం. పెద్ద బండ వెనక వడి తగ్గే చోట, నురగ గీత పక్కన, తెల్లటి పరుగు నీరు మడుగులోకి దిగే అంచున ఉంటుంది. అది ఎగువకి చూస్తుంటుంది కాబట్టి మనం దిగువ నుంచి వెళ్లాలి. నీడ నీటి మీద పడకూడదు, బండ మీద బూటు గట్టిగా తాకినా దానికి తెలిసిపోతుంది. ఒక మడుగులో నాలుగైదుసార్లు విసిరి ఏమీ తగలకపోతే పైమడుగుకి వెళ్లిపోవాలి.

ఇంటి దగ్గరి వెదురు గాలం మోసుకెళ్లొద్దు. ఆరడుగుల నుంచి ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్, చిన్న రీలు, సన్నటి దారం, చిన్న సైజు స్పిన్నర్లు సరిపోతాయి. స్పిన్నర్ అంటే నీళ్లలో గిర్రున తిరిగే చిన్న రేకు ఉన్న కొక్కెం. ఆ మెరుపుని చిన్న చేప అనుకుని ట్రౌట్ పట్టుకుంటుంది. ఏటికి అడ్డంగా, కొంచెం ఎగువకి విసిరి, నీటి వడి కన్నా కాస్త వేగంగా రీలు చుట్టాలి. చాలా మెల్లిగా చుడితే రేకు తిరగదు, కొక్కెం రాళ్లలో ఇరుక్కుంటుంది. మొదటి గంటలో రెండు మూడు స్పిన్నర్లు రాళ్లకి సమర్పించుకోవడం ఖాయం, కాబట్టి కాసిని ఎక్కువ పెట్టుకోండి. ఈక కట్టిన కొక్కెంతో చేసే ఫ్లై ఫిషింగ్ అందమైన విద్యే కానీ రెండు రోజుల్లో పట్టుబడదు. స్పిన్నర్ అయితే నాన్నగారి చేతికి పూటలో వచ్చేస్తుంది.

టైము: వెలుగు రాగానే మొదలుపెట్టి తొమ్మిదీ తొమ్మిదిన్నరకల్లా ఆపేయాలి. అప్పుడు నీరు తేటగా, అడుగు రాళ్లు కనిపించేలా ఉంటుంది. ఎండ పెరిగేకొద్దీ మంచు నీరు కలిసి రంగు తెల్లబోతుంది, చేపకి రేకు కనపడదు. సాయంత్రం కూడా ట్రౌట్ మేతకి వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. మంచు కరిగే నెలల్లో మాత్రం ఆ పూట నీటి మట్టం ఎక్కువ, నాన్నగారి వయసుకి నేను ఒప్పుకోను. ఆయన ఒడ్డు మీద నుంచే విసరాలి. పాచి పట్టిన గుండ్రటి రాళ్ల మీద మామూలు బూటు నిలవదు. స్థానికంగా ఎవరినైనా తోడు తీసుకోండి, ఏ మడుగుకి ఏ వైపు నుంచి వెళ్లాలో వాళ్లకి తెలుసు. ఏరు దాటి అవతలి ఒడ్డుకి మాత్రం వెళ్లొద్దు. వెళ్లేటప్పుడు మోకాలి దాకా ఉన్న నీరు తిరిగొచ్చేటప్పటికి తొడల దాకా వస్తుంది, ఆ చలిలో కాళ్లకి పట్టు ఉండదు.

చేప పడిందే అనుకుందాం, అదీ చిన్నది. దాన్ని వదిలే పద్ధతి బాబుకి కూడా నేర్పండి. ముందే కొక్కెం ముల్లుని కటింగ్ ప్లయర్‌తో నొక్కి చదును చేసుకుంటే తీయడం సులువు. పొడి చేత్తో చేపని పట్టుకోకూడదు, ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, ఆ చోట జబ్బు పట్టి తర్వాత చస్తుంది. చేతులు నీళ్లలో తడుపుకుని, చేపని నీళ్లలోనే ఉంచి, పొట్ట నొక్కకుండా కింద చెయ్యి ఆనించి కొక్కెం తీయాలి. ఫొటో కావాలంటే కెమెరా ముందు రెడీ చేసుకుని, ఒక్క క్షణం పైకెత్తి మళ్లీ దించెయ్యాలి. తర్వాత దాని తలని వడికి ఎదురుగా పెట్టి వదులుగా పట్టుకోండి. మొప్పలు నిదానంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, తోక ఒకటి రెండుసార్లు మెల్లిగా ఆడుతుంది. ఉన్నట్టుండి ఒక్క విదిలింపుతో చేతిలోంచి వెళ్లిపోతుంది. మనంతట మనం తోసెయ్యకూడదు, అలసిన చేపని వడిలోకి తోస్తే వెల్లకిలా తేలుతుంది.

తినడానికైతే పెంపకం చేపే కొనుక్కోండి. బంజార్ వైపు హామ్నీలో, మనాలీ దారిలో పట్లీకుహల్‌లో మత్స్యశాఖ ట్రౌట్ కేంద్రాలున్నాయి. ఆవనూనెలో వేపుడు అక్కడి పద్ధతి. పులుసు పెట్టించుకోవాలని చూడకండి. కొర్రమీనులా చింతపండు పులుపుని తట్టుకునే కండ కాదు ఇది, మెత్తగా, నెమ్మదైన రుచి. ఉప్పు, పసుపు, మిరియాలు, నిమ్మకాయ చాలు.

మూడోది రాఫ్టింగ్. కులూ దగ్గర పిర్డీ నుంచి ఝిరీ దాకా సుమారు 14 కిలోమీటర్లు పాత, బాగా నడిచే మార్గం. అందులోనే తక్కువ దూరం తిప్పేవాళ్లూ ఉన్నారు. రెండు, మూడు గ్రేడుల అలలు ఉంటాయి, అంటే కొత్తవాళ్లు గైడ్‌తో వెళ్లదగ్గవి. ఆ గ్రేడు నీటి మట్టాన్ని బట్టి మారుతుంది, ఈ మాట కౌంటర్లో ఎవరూ చెప్పరు. ఏప్రిల్‌లో తేలిగ్గా ఉన్న చోటే జూన్ ఆఖరున పెద్ద అలగా మారుతుంది. దారిలో భుంతర్ దగ్గర పార్వతీ నది వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి నీరు ఎక్కువ, వడి ఎక్కువ. చాలా రోజులు రెండు నీళ్లూ రెండు రంగుల్లో కొంత దూరం పక్కపక్కనే పారుతూ కనిపిస్తాయి.

ఎవరు ఎక్కాలి? మీరు, బాబు. మీ ఆవిడకి ఇష్టమైతే ఆవిడ. పాప వద్దు, పద్నాలుగేళ్ల లోపు వాళ్లని ఎక్కించకపోవడమే సరైన పద్ధతి. పాప ఏడ్చిందని ఎవరైనా ‘మధ్యలో కూర్చోబెడదాం’ అంటే, ఆ ఒక్క మాటతోనే ఆ ఆపరేటర్‌ని వదిలేయండి. నాన్నగారికి బీపీ ఉంది, ఆయనా వద్దు. మంచు నీళ్లు ఒక్కసారిగా ఒంటి మీద పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం, బీపీ అమాంతం పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక నిమిషంలో అది సర్దుకుంటుంది. మాత్రలు వాడే పెద్దవాళ్లతో ఆ నిమిషాన్ని పరీక్షించే అవసరం మనకి లేదు. వాళ్లు కారులో ముందుగా ఝిరీ చేరి టీ తాగుతూ కూర్చోవచ్చు.

రాఫ్టింగ్‌కి పొద్దున తొమ్మిది, పది గంటల స్లాట్ అడగండి. మనాలీలో హోటలు తీసుకున్నవాళ్లు టిఫిన్ తిని బయల్దేరేసరికి అక్కడికి మధ్యాహ్నం చేరతారు, అప్పుడు క్యూ కూడా ఎక్కువ. మీరు తీర్థన్ నుంచి వస్తారు కాబట్టి తెల్లవారి బయల్దేరితే ముందే చేరిపోతారు. ముందురాత్రి కొండల్లో గట్టి వాన పడిందని తెలిస్తే, లేదా నీరు మట్టి రంగులో కొమ్మలూ దుంగలూ మోసుకుంటూ పారుతుంటే ఆ రోజుకి మానేయండి. డబ్బు కట్టేశాం కదా అని మొహమాటపడొద్దు.

ఆపరేటర్‌ని ఎలా ఎంచుకోవాలి? రేటు చూసి కాదు. హిమాచల్‌లో రాఫ్టింగ్‌కి 2005 నుంచి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. కంపెనీకి రిజిస్ట్రేషన్, గైడ్‌కి లైసెన్సు ఉండాలి. గైడ్ కార్డు చూపించమని అడగండి, సరైనవాళ్లు కోపగించుకోరు. రాఫ్ట్‌లో విసిరే తాడు సంచి ఉందా, మీ రాఫ్ట్ వెంట ఇంకో రాఫ్ట్ గానీ సేఫ్టీ కయాక్ (నీళ్లలో పడినవాళ్లని అందుకోవడానికి ఒక్కరే నడిపే చిన్న పడవ) గానీ వస్తుందా చూడండి. ఒంటరి రాఫ్ట్‌లో మనిషి నీళ్లలో పడితే అందుకునేవాళ్లు ఉండరు.

లైఫ్ జాకెట్ మీరే పరీక్షించుకోవచ్చు. బకిల్స్ అన్నీ పెట్టి, పక్క పట్టీలు బిగించాక, బాబుని నిలబెట్టి భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని గట్టిగా పైకి లాగండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది లేకుండా, ఒంటికి అతుక్కుని ఉండాలి. లోపల ఫోమ్ నలిగి పలచబడినవి, బకిల్ విరిగితే తాడుతో ముడేసినవి వద్దనండి, మార్చి ఇస్తారు. హెల్మెట్ కూడా అంతే, తల ఊపితే కదలకూడదు.

ఎక్కాక గైడ్ వెనక కూర్చుని ‘ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్’ అని అరుస్తాడు. చాలామంది అల రాగానే తెడ్డు వేయడం మానేసి తాడు పట్టుకుంటారు. అప్పుడే తెడ్డు వేయాలి, రాఫ్ట్‌కి వేగం ఉంటేనే అల మీద నిలకడ ఉంటుంది. తెడ్డు పైచివర టీ ఆకారంలో పిడి ఉంటుంది. దాని మీద నుంచి చెయ్యి తీయకూడదు, వదిలితే అది ఎగిరి పక్కవాళ్ల పళ్లకి తగులుతుంది. ఆ దెబ్బలే అక్కడ నేను ఎక్కువగా చూసినవి.

నీళ్లలో పడితే ఏం చేయాలో బాబుకి ఒకటికి రెండుసార్లు చెప్పండి. వెల్లకిలా తిరగాలి, కాళ్లు ముందుకి దిగువ వైపు చాపి, కాలివేళ్లు నీటి పైకి కనపడేలా ఉంచాలి, రాయి వస్తే కాళ్లతో తోసుకోవాలి. నడుము లోతే కదా అని లేచి నిలబడకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే వడి మనిషిని ముందుకి వంచి ముంచేస్తుంది, జాకెట్ ఉన్నా లాభం లేదు. తాడు విసిరితే తాడునే పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. ఈత వచ్చినవాళ్లే తొందరపడి నిలబడబోతారు, అందుకని మీవాడు స్విమ్మింగ్ క్లాసులకి వెళ్లాడన్న ధైర్యం పెట్టుకోకండి.

యూట్యూబ్ వీడియోలు చూసి ‘ఫలానా చోట ఒడ్డున టెంట్లు ఉన్నాయి, అక్కడ దిగుదాం’ అని ప్లాన్ చేసుకునేవాళ్లకి ఒక సంగతి. 2023 జూలై 9, 10 తేదీల్లో వచ్చిన వరద కులూ, మనాలీల మధ్య చాలాచోట్ల రోడ్డునీ ఒడ్డునీ కోసేసింది. అంతకుముందు తీసిన వీడియోల్లోని కొన్ని చోట్లు ఇప్పుడు లేవు. హోటల్ బుక్ చేసేటప్పుడు ‘రివర్ సైడ్’ అన్న మాటకి మురిసిపోకుండా, గది ఏటి మట్టానికి ఎంత ఎత్తులో ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. ఏటి చప్పుడు రోడ్డుకి పైనున్న గదిలోకి కూడా బాగానే వినిపిస్తుంది.

సామాన్ల విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. జీన్స్, చీర, చున్నీ రాఫ్ట్ మీదికి వద్దు. తొందరగా ఆరే బట్టలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఒక జత పొడి బట్టలు, తువ్వాలు ఝిరీకి వచ్చే కారులో పెట్టండి. కళ్లజోడుకి తాడు కట్టండి.

మీ తేదీలు ఏ కారణం చేతనైనా వెనక్కి జరిగితే జూన్ మూడో వారం దాటకుండా చూసుకోండి. జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా వానల వల్ల హిమాచల్‌లో రాఫ్టింగ్‌కి అనుమతి ఉండదు, ఆ రోజుల్లో ‘మేం నడుపుతాం రండి’ అన్నవాళ్ల మాట వినొద్దు. పిల్లల సెలవులు ఎలాగూ కుదరకపోతే దసరాకి పెట్టుకోండి. అప్పుడు బియాస్ తేటగా ఉంటుంది, తీర్థన్‌లో ట్రౌట్ వేట అక్టోబరు ఆఖరు దాకా సాగుతుంది, గోవింద్ సాగర్ కూడా నిండి ఉంటుంది. ఉదయాలు చలిగా ఉంటాయి కాబట్టి నాన్నగారికి మంకీ క్యాప్, మందపాటి స్వెటర్ ఒకటి ఎక్కువ పెట్టుకోవాలి. లైసెన్సు, హోమ్‌స్టే సంగతి ఎప్పుడైనా అడగండి, మీ తేదీలు ఖాయమయ్యాక రోజువారీ ప్లాన్ రాసి పెడతాను.